పట్టేసిన దవడ, చిటికి పని, లేజర్: ఒక కేసు వివరంగా

మా నల్గొండ క్లినిక్‌కి దవడ నొప్పితో వచ్చేవాళ్లలో చాలామంది ఇప్పుడు కుర్చీలో కూర్చోకముందే అడిగేస్తున్నారు: "లేజర్ పెడతారా?" యూట్యూబ్‌లో చూసి కొందరు, హైదరాబాద్‌లో చుట్టాలెవరో చేయించుకున్నారని విని కొందరు. లేజర్ నా దగ్గర ఉంది, వాడతాను కూడా. అయితే ఎవరికి, ఎక్కడ, ఎంతసేపు, దేనితో కలిపి అన్నది తేల్చుకోకుండా వాడితే పేషెంటు జేబు ఖాళీ కావడం తప్ప ఇంకేం జరగదు. ఈ కేసు రాయడానికి కారణం అదే. ఒకే మనిషికి, ఒకే దవడకు లేజర్ ఒకసారి పనికిరాలేదు, ఇంకోసారి పనికొచ్చింది. రాయడానికి ఆమె ఒప్పుకుంది. ఊరు, కుటుంబం లాంటి గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

నలభై దాటిన మహిళ. ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక చేనేత ఊరు. భర్త మగ్గం నేస్తాడు, ఆమె చిటికి కడుతుంది. ఈ పని చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు: పోచంపల్లి, పుట్టపాక వైపు చీరల మీద కనిపించే డిజైన్ బట్ట నేశాక అద్దింది కాదు. నేయకముందే నూలును చట్రానికి సాగదీసి, రంగు ఎక్కకూడని చోటల్లా రబ్బరు పట్టీలు బిగించి కట్టి, ఆ తర్వాత రంగులో ముంచుతారు. ఆ కట్టడమే చిటికి. ఒక్కో డిజైన్‌కి లెక్కలేనన్ని ముడులు. తల వంచుకుని గంటల తరబడి కూర్చోవాలి. ఆసు పోయడానికి, అంటే చిటికి కట్టకముందు నూలును చేత్తో మేకుల చుట్టూ తిప్పి అమర్చే పనికి, చింతకింది మల్లేశం గారు 1999లో మెషిన్ తయారుచేశాక ఆడవాళ్ల భుజాలకు ఊరట దొరికింది గానీ, చిటికి మాత్రం ఆమె ఇంట్లో ఇప్పటికీ చేతి పనే.

చిన్నప్పటి నుంచీ బోరు నీళ్లు తాగి పెరిగింది. ముందుపళ్ల మీద ఫ్లోరోసిస్ చారలు గోధుమరంగులో స్పష్టంగా ఉన్నాయి. బీపీకి రోజూ మాత్ర వేసుకుంటుంది. కడుపులో మంట పాత సమస్య.

ఏ బాధతో వచ్చింది

కుడి దవడ, కుడి చెవి నొప్పి, ఏడు నెలలుగా. పొద్దున కొంచెం బిగుసుకుపోయినట్టు ఉంటుంది, సాయంత్రానికి ముద్ద నోట్లో పెట్టుకోవడమే కష్టం. ఆవలింత వస్తే చేత్తో గడ్డం పట్టుకుంటుంది. మామూలుగా మన మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టాలి, ఆమెకు రెండే కష్టం మీద పట్టాయి.

నొప్పి పదికి ఎంత అని అడిగితే మావైపు కొంచెం వయసున్నవాళ్లు తడబడతారు. రూపాయిలో ఎంత అంటే వెంటనే చెప్తారు. "పగలు బారాణా ఉంటది మేడం, రాత్రయితే రూపాయి పూరా" అంది. బారాణా అంటే ముప్పావలా, ఆఠాణా అర్ధరూపాయి, చారాణా పావలా. ఫైల్లో అలాగే రాసుకున్నాను. ఆ తర్వాత ప్రతిసారీ అదే కొలబద్ద.

నా దగ్గరికి వచ్చేలోపు ఆమె చాలా తిరిగింది. చెవి డాక్టర్ చూసి చెవిలో ఏమీ లేదన్నారు. అది సరైన మాటే. ఒక డెంటల్ క్లినిక్‌లో జ్ఞానదంతం తీశారు, నొప్పి కదల్లేదు. ఇంకోచోట లేజర్ ప్యాకేజీ అని ముందే డబ్బు కట్టించుకున్నారు. పెట్టిన పూట హాయిగా ఉండేదట, ఇంటికెళ్లి పనిలో కూర్చుంటే మళ్లీ మామూలే. ఆ ఫైల్ చూశాను. ప్రతి తేదీ ఎదురుగా "లేజర్ 1 సిట్టింగ్" అని తప్ప ఇంకేమీ లేదు. ఏ తరంగదైర్ఘ్యం, ఎంత పవర్, ఏ చోట, ఎన్ని సెకన్లు, ఏదీ లేదు. ప్రిస్క్రిప్షన్ మీద మందు పేరు, డోసు లేకుండా "మాత్ర ఇచ్చాం" అని రాసినట్టే. ఎక్కడ పెట్టారని ఆమెనే అడిగితే చెవి ముందు, కీలు మీద వేలు పెట్టి చూపించింది. బుగ్గ మీద గానీ కణత మీద గానీ ఎప్పుడూ పెట్టలేదంది. ఈ మధ్యలో మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర కొనుక్కుని నొప్పి వచ్చినప్పుడల్లా వేసుకుంటూనే ఉంది, బీపీ ఉండి, కడుపు మంట ఉండి.

నొప్పి ఎక్కడిది

నోరు తెరుచుకోవట్లేదని వచ్చిన ప్రతివారికీ దవడ కీలు జబ్బే ఉండదు. మా ప్రాంతంలో మొదట కొట్టివేయాల్సింది గుట్కా, వక్క వల్ల బుగ్గ లోపలి పొర గట్టిపడే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. బుగ్గ లోపల వేలితో తడిమితే గట్టి తాళ్లలాంటి పట్టీలు తగలాలి, చర్మం పాలిపోయి ఉండాలి, కారం తింటే మండాలి. ఆమెకు ఇవేవీ లేవు. ఆకు వక్క ఎప్పుడో పెళ్లిలో తప్ప వేసుకోదు. చీము, వాపు, జ్వరం, ముఖం మొద్దుబారడం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇవీ లేవు.

రెండోది ఫ్లోరైడ్. నల్గొండలో ఏ కీలు నొప్పి అన్నా నీళ్ల మీదికే పోతుంది. అది ఊరికే వచ్చిన అనుమానం కాదు, మర్రిగూడ, మునుగోడు వైపు వంగిపోయిన నడుములు చూసినవాళ్లం మనం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, లిగమెంట్లు గట్టిపడి వెన్ను, మెడ బిగుసుకుంటాయి. ఇంట్లోవాళ్లు కూడా "ఇది ఫ్లోరైడ్ రోగమే, తగ్గదు" అని నిర్ణయించేసుకున్నారు. మెడ అటూ ఇటూ తిప్పించి చూశాను. కొంచెం బిగుతు ఉంది. కానీ ఎక్స్‌రేలో దవడ కీలు ఎముక రెండువైపులా బాగానే ఉంది. పైగా ఎముక గట్టిపడి వచ్చిన బిగుతు పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా మారదు. ఈమెకు పని చేసిన రోజు ఎక్కువ, పండుగ నాడు తక్కువ. పళ్ల మీది చారలు చూపించి దవడ నొప్పికి కారణం కట్టేయడం తేలిక, ఆ తేలిక మాటతో ఆమె ఆశ వదులుకుని ఉండేది.

ఆ తర్వాత స్కేలుతో కొలత. నొప్పి లేకుండా ముందుపళ్ల మధ్య తెరుచుకున్నది 24 మిల్లీమీటర్లు. నొప్పి ఓర్చుకుని తెరిస్తే 31. అప్పుడు నా బొటనవేలు పైపళ్ల మీద, చూపుడువేలు కిందిపళ్ల మీద ఆనించి నెమ్మదిగా సాయం పట్టాను. నొప్పి పెట్టింది గానీ దవడ మెత్తగా సాగుతూ 41 దాకా వచ్చింది. ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన అంకె ఇదే. కీలులో దిండులా ఉండే డిస్క్ జారి అడ్డం పడి ఉంటే సాయం పట్టినా గోడకు తగిలినట్టు ఆగిపోతుంది, మామూలుగా 40 దాటదు. ఇక్కడ అడ్డం ఏమీ లేదు, కండరమే భయపడి పట్టుకుంటోంది. నోరు తెరిచేటప్పుడు కుడివైపు చిన్నగా టిక్ మంటుంది, ఆ టిక్‌తో నొప్పి లేదు.

దవడ మూలన ఉండే మాసెటర్ కండరాన్ని వేలితో కిలో బరువంత ఒత్తిడితో ఐదు సెకన్లు నొక్కి పట్టాను. "గదే మేడం, గదే! చెవుల వొచ్చే నొప్పి గిదే" అని నా చెయ్యి పట్టేసుకుంది. కీలు మీద నొక్కితే కొంచెం నొప్పే గానీ, "ఇది వేరే" అంది. టీఎండీ (దవడ కీలు, దాన్ని కదిలించే కండరాల జబ్బులు) నిర్ధారణకు 2014 నుంచి వాడుతున్న డీసీ (డయాగ్నస్టిక్ క్రైటీరియా) పద్ధతిలో ఇదే కీలకం. నొక్కితే నొప్పి వచ్చిందా అని ఒక్కటే అడిగితే చాలదు, పేషెంటుకు రోజూ తెలిసిన నొప్పే వచ్చిందా అని అడగాలి. చెవిలో వినిపించే బాధ బుగ్గ కండరంలో పుట్టింది. పాత లేజర్ కీలు మీద పెట్టారు.

ఇంకొకటి కనిపించింది. కుడి పై కోరపన్ను అంచున చిన్న గాడి, నూలు పోగు పట్టేంత. "దారం తెంపుతా కద" అని తేలిగ్గా చెప్పింది. వచ్చేసారి పని సామాను తెమ్మన్నాను.

మొదట లేజర్ లేకుండా

లేజర్ చేతిలో ఉండగా ఎందుకు ఆగానంటే, మూడు నెలలు దాటిన టీఎండీ నొప్పి మీద 2023 డిసెంబర్‌లో బ్రిటిష్ వైద్య పత్రిక బీఎంజే ప్రచురించిన మార్గదర్శకాలు నా ముందున్నాయి. అందులో గట్టిగా సిఫారసు చేసినవి దవడ వ్యాయామాలు, చేత్తో కండరాన్ని వదులు చేయడం, భంగిమ సరిచేయడం, ఆలోచనల తీరు మార్చే కౌన్సెలింగ్, జబ్బు గురించి అర్థమయ్యేలా చెప్పి ధైర్యమివ్వడం. లో లెవెల్ లేజర్ విషయంలో మొగ్గు వద్దనే వైపే ఉంది, షరతులతో. రాత్రిపూట పళ్లకు పెట్టుకునే తొడుగులు, అంటే స్ప్లింట్లదీ అదే వరుస. లేజర్ మీద అధ్యయనాలు బోలెడు ఉన్నాయి గానీ ఒకరి డోసు ఇంకొకరితో కలవదు, ఫలితాలూ కలవవు.

కాబట్టి డైక్లోఫెనాక్ ఆపించాం. జొన్నరొట్టె పులుసులో నానబెట్టుకుని తినమన్నాం, మటన్, సకినాలు కొన్నాళ్లు పక్కన పెట్టమన్నాం. గోరువెచ్చటి తడిబట్ట కాపడం. నాలుకను "ల" అనేటప్పుడు ఆగే చోట అంగిట్లో ఆనించి, అది జారకుండా నోరు కొంచెం తెరిచి మూసే వ్యాయామం. ఆమెకు ఇవేవీ నచ్చలేదు. "బస్సు కిరాయి పెట్టుకొని వొస్తే బట్ట కాపడమేనా మేడం?" అని మొహం మీదే అడిగింది. న్యాయమైన ప్రశ్నే.

కాపడంతో కొంచెం ఊరట వచ్చింది, రూపాయి బారాణాకు దిగింది. వ్యాయామం మాత్రం సాగలేదు. 25 దాటి తెరవగానే కండరం పట్టేసేది, ఆ నొప్పికి బెదిరి మానేసేది. పైగా చేసేది రాత్రి పనంతా అయ్యాక, దవడ అన్నిటికంటే అలిసిపోయి ఉన్నప్పుడు. నొప్పి తగ్గాలంటే వ్యాయామం చేయాలి, వ్యాయామం చేయాలంటే నొప్పి తగ్గాలి. నొప్పి మాత్ర ఇద్దామంటే కడుపు, బీపీ అడ్డం. స్ప్లింట్ గురించి ఆలోచించి వదిలేశాను. నిద్రలో పళ్లు కొరికే శబ్దం లేదని భర్త చెప్పాడు, నొప్పి ముదిరేది సాయంత్రానికి. పగటి అలవాటుకు రాత్రి తొడుగు ఏం చేస్తుంది?

ఇక్కడ లేజర్‌కు చోటు కనిపించింది. మార్గదర్శకం షరతులతో వద్దంటే ఎవరికీ వాడకూడదని కాదు, అందరికీ మామూలుగా వాడొద్దని. ఈమెకు మందుల దారి మూసుకుపోయింది, లేజర్ వల్ల హాని తక్కువ. ముందే ఒక ఒప్పందం పెట్టుకున్నాం: మూడు వారాల్లో నొప్పి లేకుండా తెరుచుకునే కొలత కనీసం 5 మిల్లీమీటర్లు పెరగకపోతే ఆపేస్తాం. ప్యాకేజీ లేదు, వచ్చిన రోజుకే ఫీజు.

లేజర్ ఎలా పెట్టాం

ఈ లేజర్ కోసేది కాదు, కాల్చేది కాదు. 1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే డాక్టర్ లేజర్ వల్ల క్యాన్సర్ వస్తుందేమో చూద్దామని ఎలుకల వీపు గొరిగి వెలుగు పెడితే, క్యాన్సర్ రాలేదు సరికదా అక్కడ వెంట్రుకలు తొందరగా మొలిచాయి. ఈ వైద్యం అక్కడి నుంచి మొదలైంది. ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ప్రకారం కణంలోని మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఆ వెలుగును పీల్చుకుని కణానికి శక్తి తయారీ పెంచుతుంది, నొప్పి, వాపు సంకేతాలు తగ్గుతాయి. డోసు తక్కువైతే ఏమీ జరగదు, మరీ ఎక్కువైతే లాభం పోతుంది. ఎక్కువసేపు పెడితే ఎక్కువ మంచిదని పేషెంట్లు అనుకుంటారు, కొందరు డాక్టర్లూ అనుకుంటారు.

మేం వాడింది 810 నానోమీటర్ల డయోడ్. 200 మిల్లీవాట్లు, ఒక్కో చోట 30 సెకన్లు, అంటే చోటుకు 6 జౌల్స్. మాసెటర్ పైన, మధ్యలో, దవడ మూల దగ్గర. కణత మీద టెంపొరాలిస్ కండరం ముందుభాగం. కీలు దగ్గర ఒక్క చోట, నోరు కొంచెం తెరిపించి. ముఖానికి రాసుకున్న పసుపు, పౌడర్ తుడిచి, లేజర్ మొన చర్మానికి ఆనేలా మెత్తగా నొక్కి పట్టాలి. చర్మానికి దూరంగా గాల్లో ఊపితే చాలా వెలుగు పైపైనే చెదిరిపోతుంది. ఇద్దరికీ ఆ తరంగదైర్ఘ్యానికి సరిపోయే కళ్లద్దాలు తప్పనిసరి. ఈ వెలుగు కంటికి కనపడదు కాబట్టి రెప్ప దానంతట అది మూసుకోదు. బజారులో నల్లద్దాలు చాలవు. గర్భం, క్యాన్సర్ చరిత్ర, వెలుగు పడితే దద్దుర్లు తెచ్చే మందులు ముందే అడిగి రాసుకున్నాం.

వారానికి రెండుసార్లు పిలిచాం. పెట్టకముందు, పెట్టాక, రెండుసార్లూ స్కేలు. తొలి వారంలోనే ఒక తీరు కనిపించింది. పెట్టిన వెంటనే 24 కాస్తా 29 అయ్యేది, వచ్చేసారి చూస్తే మళ్లీ 25. పాత క్లినిక్‌లో జరిగిందీ ఇదే అయ్యుంటుంది. ఊరట నిజమే, నిలవదు. ఆ ఊరట ఉన్న కాసేపటిని ఏం చేసుకుంటాం అన్నదే అసలు సంగతి.

మలుపు

క్రమం మార్చాం. లేజర్ అవగానే కుర్చీ దిగనివ్వకుండా అక్కడే వ్యాయామం. బొటనవేలు, చూపుడువేలు కత్తెరలా పెట్టి తనే నోరు సాగదీసుకోవడం నేర్పాను. నా వేళ్లతో బుగ్గ కండరాన్ని వదులు చేశాను. ఇంటి దగ్గర వ్యాయామాన్ని రాత్రి నుంచి పొద్దునకు, పనిలో కూర్చోకముందుకు మార్చాం, ముందు కాపడం పెట్టుకుని. తొలిసారి నొప్పి లేకుండా 30 దాటినప్పుడు అద్దం అడిగి చూసుకుంది. మూడు వారాలకు 32. ఒప్పందం ప్రకారం కొనసాగించాం.

తర్వాత 36 దగ్గర ఆగిపోయింది. అప్పటికి పని సామాను తెచ్చింది. కట్టి చూపించమంటే ఒళ్లో నూలు పెట్టుకుని, రెండు చేతులూ నూలు మీద ఉంచి, రబ్బరు పట్టీ కొసను కుడి కోరపన్ను దగ్గర పళ్ల మధ్య పట్టి లాగింది. ముడి పడింది. మళ్లీ పళ్లు, మళ్లీ ముడి. గాడి అక్కడిదే. లాగని సమయంలో కూడా పైపళ్లు కిందిపళ్లు ఆనించే ఉన్నాయి, మాసెటర్ చర్మం కింద ఉబ్బి కనిపిస్తోంది. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పళ్లు ఒకదానికొకటి తగలక్కర్లేదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

చట్రం మీద, అద్దం మీద, పొయ్యి దగ్గర బొట్టుబిళ్లలు అతికించమన్నాను. బిళ్ల కనపడ్డప్పుడల్లా పెదాలు కలిపి, పళ్లు విడదీసి, ఒక ఊపిరి వదలాలి. ఇది బాగా పట్టుకుంది. చిన్న కత్తెర వాడమంటే మాత్రం కుదరలేదు. కత్తెర తీసి, పెట్టి, మళ్లీ తీస్తే పని నెమ్మదిస్తుంది, కూలి కట్టిన లెక్కన వస్తుంది. పంటితో లాగడం చెడ్డ అలవాటని తిట్టడం సులువు, ఆ పన్ను ఆమెకు మూడో చెయ్యి.

మధ్యలో మా మెషిన్ సర్వీస్‌కు వెళ్లింది. కొన్ని వారాలు లేజర్ లేదు, వ్యాయామం, బిళ్లలు నడిచాయి. నొప్పి పెరగలేదు, కొలత ఇంకా 2 మిల్లీమీటర్లు పెరిగింది. మెషిన్ తిరిగొచ్చి లేజర్ మళ్లీ మొదలయ్యాక దసరా ఆర్డర్లు మీద పడ్డాయి. రోజంతా చిటికి, వ్యాయామం బంద్, పళ్లు మళ్లీ రబ్బరు మీదికి. లేజర్ పెడుతూనే ఉన్నా చారాణాకు దిగిన నొప్పి ఆఠాణా దాటింది. డోసు పెంచుతారా అని అడిగారు. పెంచలేదు. పెంచితే చారాణా కోడికి బారాణా మసాలా అయ్యేది.

దీనికి మందు ఆమె భర్త కనిపెట్టాడు. బట్టలారేసే క్లిప్పు ఒకటి చట్రం అంచుకు మేకుతో బిగించాడు. రబ్బరు కొసను పన్నుకు బదులు క్లిప్పులో ఇరికించి లాగుతుంది. మొదట్లో విసుక్కుంది, తర్వాత వేగం వచ్చేసింది. లేజర్‌ను వారానికి ఒకటి చేసి, ఆపేశాం. చివరిసారి చూసినప్పుడు నొప్పి లేకుండా 43, నొప్పి ఎప్పుడో పని ఎక్కువైన రోజు చారాణా. కీలు టిక్ అలాగే ఉంది. నొప్పి లేని టిక్‌కు వైద్యం అక్కర్లేదని ఆమెకు రాసిచ్చాను, ఇంకెవరైనా దాన్ని చూపించి ప్యాకేజీ కట్టించుకోకుండా.

ఈ కేసు నుంచి నేను తీసుకున్నది

లేజరే తగ్గించిందని ఒక్క కేసుతో అనలేను. ఇలాంటి నొప్పి దానంతట అది పెరిగి తగ్గుతుంది, శ్రద్ధగా ఎవరో చూస్తున్నారన్న ధైర్యం కూడా పని చేస్తుంది. కానీ మెషిన్ లేని వారాలు, దసరా వారాలు పక్కపక్కన పెట్టి చూస్తే బరువు ఎటుందో తెలుస్తుంది. వ్యాయామం మొదలుపెట్టలేని మనిషికి మొదలుపెట్టే అవకాశం లేజర్ ఇచ్చింది. దాన్ని నిలబెట్టింది పొద్దుటి వ్యాయామం, బొట్టుబిళ్ల, క్లిప్పు.

సాయం పట్టి కొలవడం ఇప్పుడు మా దగ్గర ప్రతి దవడ కేసులో తప్పనిసరి. దానికి అర నిమిషం పడుతుంది, పైసా ఖర్చు లేదు. పని ఏం చేస్తారు అని అడిగి వదిలేయకుండా చేసి చూపించమంటున్నాం. టైలర్లు నోట్లో పట్టుకునే గుండుసూదులు, ఫోను భుజానికీ దవడకూ మధ్య ఇరికించి మాట్లాడే డ్రైవర్లు, అన్నీ అలా బయటపడ్డవే.

కొందరికి లేజర్ అసలు మొదలుపెట్టం. సాయం పట్టినా 40 లోపే గట్టిగా ఆగిపోయేవాళ్లు, బుగ్గలో పట్టీలు తగిలేవాళ్లు, దవడ కింద గడ్డ గానీ, ముఖంలో మొద్దుబారడం గానీ ఉన్నవాళ్లు. లేజర్‌తో నొప్పి కొంత మందగిస్తే అసలు జబ్బు వెనకపడి ముదురుతుంది. అలాంటివాళ్లకు కొలతలు, ఎక్స్‌రే చేతికిచ్చి అదే రోజు హైదరాబాద్ ప్రభుత్వ డెంటల్ కాలేజీకి రాసి పంపుతున్నాం.